గోలీ మిగిలిన గూడు

నాచారంలోని మందు గోలీల కంపెనీలో, కదిలే బెల్టు మీద వచ్చే స్ట్రిప్పుల్లో ఖాళీ గూడు కనబడితే ఆ స్ట్రిప్పును తీసి పక్కన పడేయడం పూర్ణిమ పని. ఆరేళ్లుగా ఆమె కంటిని దాటి ఒక్కటీ పోలేదు. ఇంట్లో మాత్రం రెండు నెలలుగా ఆమె వెతికేది గోలీ మిగిలిన గూడు కోసం. తమ్ముడు రంజిత్ ఏ రోజైనా ఎగ్గొట్టాడేమోనని.

పబ్బుల్లో సౌండ్ బాక్సులు బిగించే పనికి పోయి రంజిత్ కొకైన్ మరిగాడు. అది దొరకని రోజుల్లో గోడవైపు తిరిగి పడుకుని, ఎందుకు బతకాలని అడిగేవాడు. ఉప్పల్‌లో డాక్టరమ్మ గోలీలు రాసింది.

"దిగులు తగ్గొచ్చు. ఆ పొడి మీది యావ గూడ దీంతోనే పోతదని మాత్రం నేను చెప్పలేను. వారం వారం తీసుకరా, మాట్లాడత" అంది.

వారం వారం తీసుకెళ్లింది. పూర్ణిమ ఇంట్లో ఉన్న పొద్దుల్లో రంజిత్ గోలీ మింగి, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపేవాడు.

"సూడు ఇన్‌స్పెక్టరమ్మా, పాసా, రిజెక్టా?"

"ముందుగాల పండ్లు తోముకో, తర్వాత జెప్త."

ఏడో వారం గడ్డం గీసుకున్నాడు. పచ్చిపులుసు ఇంకో గరిటె పోయించుకున్నాడు. తల్లి సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ ఆదివారం పొద్దున మంచం అంచున కూర్చుని, "అక్కా, నిన్న మళ్ల తీస్కున్న" అన్నాడు.

పూర్ణిమ దాచిపెట్టిన పాత స్ట్రిప్పులన్నీ కిటికీ దగ్గరికి తెచ్చి, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. ఎక్కడో ఒక్క గోలీ మిగిలి ఉంటే చాలు. మరిచినందుకే ఇలా అయిందనుకోవచ్చు. రేపటి నుంచి సరిగ్గా వేస్తే బాగవుతాడనుకోవచ్చు. ఆరేళ్లలో మొదటిసారి తన కన్ను తప్పి ఉండాలని కోరుకుంది.

అన్నీ ఖాళీవే.

"ఒక్కటి గూడ మర్వలే అక్కా" అన్నాడు రంజిత్. "దిగులు గూడ తగ్గింది, నిజం జెప్తున్న. గని అది పిలుస్తనే ఉన్నది."

వంటింట్లోంచి సక్కుబాయి కేకేసింది. "తమ్మునికి గోలి ఇచ్చినవా బిడ్డా?"

పూర్ణిమ కొత్త స్ట్రిప్పులోంచి ఒకటి నొక్కి తీసి అతని చేతిలో పెట్టింది. మింగి, నోరు తెరిచి నాలుక ఎత్తాడు.

ఆమె చూడలేదు.

"ఇచ్చిన అమ్మా" అంది. అతను అలాగే నోరు తెరుచుకుని కూర్చున్నాడు.