ల్యాప్‌టాప్ బోణీ

మా తోటికోడలు సౌజన్య మంచిది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మీర్‌పేట్‌లో మా గల్లీ గల్లీ అంతా అనేది అదే, నేను కాదంటే వినేవాళ్ళు లేరు. నాకు ఒళ్ళు మండేది కూడా అక్కడే. చెడ్డదైతే నాలుగు తిట్టి, నలుగురిలో పెట్టి, హాయిగా ఉండేదాన్ని. మంచిదాన్ని ఏం చేస్తాం చెప్పండి?

అవి సకల జనుల సమ్మె రోజులు. మా ఆయన మహిపాల్ ఆర్టీసీలో డ్రైవర్. బస్సులన్నీ డిపోలో నిలబడిపోయాయి, ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో డిపో ముందు టెంటు కింద కూర్చున్నాడు. ఆ నెల జీతం లేదు. పై నెల జీతం కూడా రాదని తెలుసు. దానికి నేనేమీ ఏడవలేదు. తెలంగాణ వస్తుందంటే ఒక్క పూట తిని ఉందామని ఆయనతో అన్నది నేనే. కానీ మా అమ్మాయి విజయశ్రీ ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. సమ్మె అని కాలేజీ బందు పెట్టారు గానీ, ఫీజు గడువు మాత్రం బందు పెట్టలేదు. సోమవారం సాయంత్రంలోగా పద్దెనిమిది వేలు కట్టకపోతే పరీక్షకు పేరు పంపేది లేదన్నారు. నా గొలుసు అప్పటికే కుదువలో ఉంది.

ఇంట్లో అందరం తలలు పట్టుకుని కూర్చుంటే సౌజన్య నెమ్మదిగా అంది, "అక్కా, నా ల్యాప్‌టాప్ అమ్మేద్దాం. ఊకెనే బీరువాల పడున్నది. నెట్ల పెడితే రెండు రోజులల్ల పోతది."

ఎంసీఏ చదివేటప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. ఊరికే పడి ఉండటం అబద్ధం, రోజూ దాని ముందే కూర్చుని ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టుకునేది. ఆ మాట వినగానే మా అత్తమ్మ అండాలమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. కాకపోతే అవి వేరే నీళ్ళు.

నా బిడ్డ ఫీజు అది కడుతుందా? పెళ్ళై మూడేళ్ళు కాలేదు, ఇంటికి దేవతైపోతుందా? పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో అంట్లు తోమి, అత్తమ్మకు మోకాళ్ళు పట్టి, ఆడబిడ్డల పురుళ్ళు పోసిన నేను ఏమైపోవాలి? ఇదంతా లోపల. పైకి మాత్రం "నీ ఇష్టం చెల్లే" అన్నాను.

పాత సామాన్లు అమ్ముకునే ఒక సైట్లో దాని ఫోటో, ఫోన్ నంబరు పెట్టింది. మా ఇంట్లో ఎవరూ అట్లా అమ్మి ఎరగరు. మర్నాడే రెండు ఫోన్లు వచ్చాయి.

మొదట చేసినాయన పేరు బాపిరాజు. భీమవరం వైపు మనిషి, గడ్డిఅన్నారంలో ట్యూషన్లు చెప్పుకుంటాడట. "నేనే వచ్చి, ఆన్ చేసి చూసుకుంటానండి. కొన్న బిల్లు ఉంటే కాస్త చూపించండి. డబ్బు మాత్రం బ్యాంకుకెళ్ళి కౌంటర్లోనే మీ ఖాతాలో కట్టేస్తానండి, మీకూ భయం ఉండదు, నాకూ ఉండదు. పద్దెనిమిది వేలకు మించి పెట్టలేనండి" అన్నాడు.

"ఆంధ్రాయన గిన్ని షరతులు ఎందుకు పెడ్తున్నడే? ఏదో మతలబు ఉన్నది" అంది అత్తమ్మ.

రెండో ఆయన ఫోన్ ఎత్తగానే "జై తెలంగాణ చెల్లే" అన్నాడు. పేరు కమలాకర్, టీచరు, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో టీచర్ల టెంటులో దీక్షలో కూర్చున్నాడట. "ఉద్యమం పనికి ల్యాప్‌టాప్ కావాలె. ఇరవై రెండు వేలు ఇస్త, బేరం లేదు. టెంటు ఇడిసి నేను రాలేను. ఆదివారం పైసలు మీ అకౌంట్ల ఏసి ఆటో పంపిస్త, దాంట్ల పెట్టుండ్రి సాలు."

"సూడకుండనే తీస్కుంటరా సారూ?" అని అడిగింది సౌజన్య.

"మనోళ్ళ మీద మనకు నమ్మకం లేకుంటే తెలంగాణ ఎట్ల ఒస్తది చెల్లే?"

ఇంకేముంది, అత్తమ్మ పొంగిపోయింది. సౌజన్య కాస్త వెనకాడితే, "టెంట్ల కూసున్నోన్ని అనుమానించుడంటే మన మహిపాల్‌ను అనుమానించుడే బిడ్డా" అంది. ఆ మాటతో బేరం కమలాకర్‌కే ఖాయమైంది. బాపిరాజుకు వద్దని చెప్పేశారు. పైగా ఆయన ఇస్తానన్నదానికంటే నాలుగు వేలు ఎక్కువ! ఆ నాలుగు వేలతో పండక్కి అందరికీ బట్టలు తెస్తానంది సౌజన్య. నాకూ చీరట. నా కడుపు భగ్గుమంది.

శనివారం మధ్యాహ్నం మా ఆయనకు అన్నం డబ్బా ఇచ్చి, ఇంటికి రాకుండా ఎల్‌బీ నగర్ ఆటో ఎక్కాను. సిటీ బస్సులు లేవు కదా, ఆటోవాడు డబుల్ కిరాయి అడిగాడు, ఇచ్చాను. ఎందుకు పోయానో సిగ్గు విడిచి చెప్తాను. ఆ కమలాకర్ సారును పట్టుకుని, "సారూ, పైసలు మా చెల్లె అకౌంట్ల ఏయకుండ్రి, నా చేతికియ్యుండ్రి" అని అడుగుదామని పోయాను. నా చేతికొస్తే నేనే పోయి కాలేజీలో కడతాను, రసీదు నా చేతిలో ఉంటుంది. ఆ మాత్రమైనా నాకు దక్కాలి.

టీచర్ల టెంటులో మట్టయ్య సారని ఒక పెద్దాయన ఉన్నాడు. కమలాకర్ పేరు చెప్పగానే తల పట్టుకున్నాడు.

"ఆ పేరుగల్లోడు ఈడ ఎవ్వలు లేరమ్మా. గిట్ల అడిగెటోళ్ళల్ల నువ్వు మూడోదానివి. మొన్న ఒకాయన కెమెరా పోగొట్టుకొని ఒచ్చిండు. పైసలు పడ్డయని ఫోన్ల మెసేజ్ ఒచ్చిందట, కెమెరా ఆటోల పెట్టిండట. ఆ మెసేజ్ బ్యాంకోళ్ళు పంపింది కాదు, ఆ దొంగోడే రాసి పంపింది. అకౌంట్ల రూపాయి లేదు. మా టెంటు పేరు చెప్పుకొని తిరుగుతున్నడు లంగ. జర మీ ఇంట్ల చెప్పు తల్లీ."

అబద్ధమెందుకు, నాకు సంతోషం వేసింది. ఎంసీఏకి తెలియనిది టెన్త్ ఫెయిలైన నేను కనిపెట్టాను. అందరూ కూర్చుని ఉండగా చెప్పాలి, అత్తమ్మ నోరు తెరుచుకుని వినాలి, సౌజన్య తల దించుకోవాలి. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి చూద్దును కదా, వరండాలో నా బిడ్డ సౌజన్య మెడకు చుట్టుకుని వేలాడుతోంది. "చిన్నమ్మ లేకుంటే నా సదువు మునిగిపోతుండె నానమ్మా" అంటోంది. నేను కన్న బిడ్డ! అత్తమ్మ సౌజన్య చెంపలు తడిమి, చేతులు తన కణతలకు ఆనించుకుని పటపటా మెటికలు విరిచింది. "నా కోడలికి ఎవల దిష్టి తాకొద్దు" అంది. దిష్టి ఎవరిదో గుమ్మంలోనే నిలబడి ఉంది.

పద్దెనిమిదేళ్ళలో ఆ చేతులు నాకోసం ఒక్క మెటిక విరవలేదు.

సౌజన్య నన్ను చూసి లేచింది. "అయ్యో అక్కా, ఎండల పడి ఒచ్చినవు" అంటూ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. గటగటా తాగేశాను. నీళ్ళతోపాటు మాట కూడా మింగేశాను.

పోనీ, పోతే పోనీ. దాని ల్యాప్‌టాప్ అది, దాని తెలివి అది. మంచితనం ఒక్కటే చాలదని రేపు అందరికీ తెలిసొస్తుంది. ఇట్లా అనుకున్నానే గానీ, పోయేది నా బిడ్డ ఫీజని తెలియక కాదు. తెలిసే ఊరుకున్నాను. కుళ్ళుమోతుతనం ఎక్కడిదాకా పోతుందో నన్ను అడగండి, నేను చెప్తాను.

ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో బంతిపూలు కుప్ప పోసుకుని బతుకమ్మ పేరుస్తున్నాం. సౌజన్య ఫోన్ మోగింది. మెసేజ్. "పడ్డయక్కా! ఇరవై రెండు వేలు!" అని చిన్నపిల్లలా ఎగిరింది. బ్యాంకుకు సెలవు. ఏటీఎంలో చూద్దామంటే సమ్మెతో కరెంటు కోత, షట్టర్ దించి ఉంది. నేను తంగేడు కట్ట విప్పి ఇంకో వరుస పేర్చడం మొదలుపెట్టాను.

కాసేపటికి గేటు ముందు ఆటో ఆగింది. సౌజన్య లోపలికి పోయి బ్యాగు తెచ్చింది. దాని మీద పసుపు, కుంకుమ బొట్టు పెట్టి, రెండు చేతులతో తడిమి, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అక్కా, మనకు గిది మొదటి బేరం. నీ చెయ్యి మంచిది. ఎదురింటి తిరుపతమ్మ కుట్టుమిషను పెట్టిననాడు మొదటి గుడ్డ నువ్వే ఇచ్చినవు, ఇయ్యాల ఆమెకు తిన తీరిక లేదు. మన విజ్జి సదువు సంగతి. బోణీ నీ చేతుల మీదనే గావాలె."

ఎత్తిపొడుపేమోనని దాని మొహం చూశాను. కాదు, నిజంగానే అంటోంది. అదే కదా దాని జబ్బు!

బ్యాగు పట్టుకుని గేటు దాకా పోయాను. నాలుగు అడుగులు, నాలుగు మైళ్ళనిపించాయి. ఆటో అతను చెయ్యి చాపాడు. "ఇయ్యమ్మా, జల్ది" అన్నాడు. ఇయ్యబోతే నా వేళ్ళు ఊడి రావడం లేదు. సౌజన్య ఇస్తే దాని ఖర్మ అనుకుని ఊరుకునేదాన్నేమో. నా చేత్తో, మంచి చెయ్యని అందరూ అనే చేత్తో, నా బిడ్డ చదువు తీసుకుపోయి దొంగకు బోణీ చెయ్యాలా?

"ఇయ్యనంటే ఇయ్య! నిన్ను ఎవడు పంపిండో వానికి ఫోన్ కొట్టు!" అని అరిచాను.

ఆటో అతను బిత్తరపోయి నంబరు కలిపాడు. ఫోన్ లాక్కున్నాను. "సారూ, ఆటో ఎందుకు, నేనే మీ టెంటు కాడికి తెస్తున్న. మట్టయ్య సార్ పక్కనే కూసుంటరా మీరు?" అన్నాను.

ఫోన్ కట్టైంది. మళ్ళీ కలిపితే స్విచ్చాఫ్.

"అరే, నా కిరాయెవరిస్తరు? సాగర్ రింగ్ రోడ్డు కాడ నిలబడి ఇస్తనన్నడు" అని ఆటో అతను లబలబలాడాడు. సౌజన్యే ఇచ్చి పంపింది. ఎవరిస్తారు మరి!

"ఆ మెసేజ్ ఎక్కడికెళ్ళి ఒచ్చిందో జూడు" అన్నాను. చూసింది. పైన బ్యాంకు పేరు లేదు, మామూలు పది అంకెల సెల్ నంబరుంది. గేటు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"మట్టయ్య సార్ ఎవలక్కా?"

"టెంట్ల ఉంటడు. పోయి అడిగిన. కమలాకర్ అనెటోడే లేడట."

"ఎప్పుడు పోయినవు?"

అబద్ధం ఆడొచ్చు. పొద్దున పోయానంటే సరిపోయేది. కానీ పొద్దుటి నుంచి దాని పక్కనే కూర్చుని పూలు పేరుస్తున్నాను.

"నిన్న" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. నిన్నటి నీళ్ళ చెంబు ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొచ్చి ఉంటుంది. తిట్టవే, కొట్టవే అని మనసులో మొక్కుకున్నాను. దాని కళ్ళు ఎర్రబడ్డాయి, అంతే.

అరుపులు విని అత్తమ్మ కుంటుకుంటూ బయటికొచ్చింది. "ఏందే? ఏమైందే?"

సౌజన్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "వాడు దొంగట అత్తమ్మా. అక్కకే అనుమానమొచ్చింది. ఎండల ఎల్‌బీ నగర్ దాకా పోయి ఆరా తీసింది. అక్క లేకుంటే ఇయ్యాల మునిగిపోతుంటిమి" అంది.

ఎప్పుడు పోయానో చెప్పలేదు.

సాయంత్రం తనే బాపిరాజుకు ఫోన్ చేసి తప్పైందని చెప్పింది. సోమవారం పొద్దున ఆయన ఇంటికొచ్చి, ల్యాప్‌టాప్ ఆన్ చేసి, బిల్లు చూసుకుని, "పదండమ్మా, బ్యాంకుకెళ్దాం" అన్నాడు. కౌంటర్లో పద్దెనిమిది వేలు కట్టాడు. సౌజన్య పాస్‌బుక్కులో అచ్చు వేయించి నా చేతికిచ్చింది. "పడ్డయా అక్కా? నువ్వే జూడు." చూశాను, పడ్డాయి. అప్పుడు బ్యాగు నా చేత్తోనే ఇప్పించింది. మధ్యాహ్నానికి ఫీజు కట్టేశాం. రసీదు నా పేరు మీదే రాయించింది.

ఆ సాయంత్రం గల్లీ ఆడవాళ్ళంతా బతుకమ్మల చుట్టూ చేరారు. అత్తమ్మ ప్రతి ఒక్కరినీ ఆపి "మా పెద్ద కోడలు దొంగను పట్టింది" అని చెప్తోంది. నా బిడ్డ వచ్చి నా మెడకు చుట్టుకుంది. అందరి ముందూ అత్తమ్మ నా చెంపలు తడిమి, చేతులు కణతలకు ఆనించుకుంది. పటపటా పది వేళ్ళూ విరిగాయి. పద్దెనిమిదేళ్ళుగా నేను కాచుకుని కూర్చున్న చప్పుడు అది.

ఎదురుగా సౌజన్య వంగి చప్పట్లు కొడుతూ నావైపు చూసి నవ్వింది. మొన్నటి నవ్వు కాదది. నేను ఎప్పుడు పోయానో దాచిపెట్టి, ఆ మెటికలు కూడా నాకు సౌజన్యే ఇప్పించింది. కడుపులో మళ్ళీ భగ్గుమంది. తల దించుకుని నేనూ పాట అందుకున్నాను.