ఏడో నంబరు హెడ్‌ఫోన్

తప్పులుంటే దిద్దుకొని చదవండి. ఇది చీపురు పట్టిన చెయ్యి. అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తుంది. తొందరపెడితే అసలే సాగదు.

బడి గంటకు ఇంకా అరగంట ఉంది. ఆయా కంప్యూటర్ గది ఊడ్చి, తెరల మీది వేలిముద్రలు తుడిచి, ఏడో కంప్యూటర్ ముందు పిల్లల కుర్చీలో చతికిలబడింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. హెడ్‌ఫోన్‌ను రెండువైపులా చివరి గాటు దాకా లాగి, జుట్టుముడి మీదుగా చెవులకు తగిలించుకుంది.

తెర మీద పిల్లల పేర్లకు బదులు బొమ్మలుంటాయి. ఎవరి బొమ్మ నొక్కితే వాళ్ల పాఠం తెరుచుకుంటుంది. తాబేలు బొమ్మ పాప ఈ ఏడు బడి తెరిచిన కొత్తలోనే వేరే బడికి వెళ్లిపోయింది. ఒకనాడు బల్ల తుడుస్తుంటే గుడ్డ మౌసుకు తగిలి ఆ పాప పాఠం తెరుచుకుంది. పచ్చటి కప్ప ఒకటి గెంతుకుంటూ వచ్చి, "రా బంగారం, అక్షరాలు నేర్చుకుందాం" అంది. భర్త పోయిన పదేళ్లలో ఆమెను బంగారం అని పిలిచింది ఆ కప్ప ఒక్కటే. కాదనలేకపోయింది.

ఇవాళ ఆఖరి రోజు. రేపట్నుంచి బళ్లో అందరికీ సెలవులు. ఆయాకు శాశ్వతంగా సెలవు. పదింటికి పంతులమ్మ బొమ్మలన్నీ చెరిపేస్తుంది. గుడ్డు పోగొట్టుకున్న కోడి కథలో ఇంకా రెండు పేజీలు మిగిలాయి. గుడ్డు దొరికిందో లేదో ఎవరినడిగినా చెప్తారు. కానీ ఒకరు చెప్తే తెలుసుకోవడం అరవై ఏళ్లుగా చేస్తున్న పనే కదా!

"కోడి... గడ్డివాము... కింద... వెలి... వెల..."

తప్పు చదివితే కప్ప చేతులతో కళ్లు మూసుకుంటుంది. మూసుకుంది.

"అబ్బో, మహా పండితుడివి! ఉండు, మళ్లీ చదువుతా" అని కసిరింది ఆయా. "వె... తి... కిం... ది. వెతికింది! తెరువిక కళ్లు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గుమ్మంలో పంతులమ్మ.

"మీరా ఆయమ్మా! ఏడో నంబరు హెడ్‌ఫోన్ మెడలోకి జారిపోతోందని అక్కడ కూర్చునే పాప రోజూ గోల. పైగా బళ్లో లేని తాబేలు బళ్లో ఉన్నవాళ్లందర్నీ దాటేసి పోతోంది. దయ్యమేమో అనుకున్నా."

ఆయా దొరికిపోయిన దొంగలా లేచింది. కుర్చీ కూడా ఆమెతోపాటే లేచింది.

"తప్పైపోయిందమ్మా."

"అది సరేగానీ, గుడ్డు దొరికిందా?"

"ఇంకో పేజీ ఉందమ్మా. గంట కొట్టే వేళయింది, వెళ్తా."

"గంట ఎక్కడికీ పోదు. కూర్చోండి ముందు."

ఆ బడి గంట కొట్టేది ఆయాయే. పద్దెనిమిదేళ్లలో ఒక్కరోజూ నిమిషం తప్పలేదు. ఇవాళ కూర్చుంది. గంట వినబడక పిల్లలు ఒక్కొక్కరే గదిలోకి వచ్చి ఆమె కుర్చీ వెనక మూగారు. మాట అందించబోయిన ఒక పాపను పక్క పిల్ల గిల్లింది. "చెప్పకే! ఆయమ్మే చదవాలి."

"గుడ్డు... పగిలి... ఉంది. కోడి... ఏడ్చింది. కోడి... వెనకే... చిన్న కోడిపిల్ల... నడుస్తోంది."

ఆయా ఆ ముక్క ఇంకోసారి చదువుకుంది. తరవాత పొట్ట పట్టుకొని నవ్వింది. "ఓసి పిచ్చి కోడీ! ఊరంతా వెతికే బదులు ఒక్కసారి వెనక్కి చూసుకోవద్దుటే!"

అంటూ తనూ వెనక్కి చూసింది. గది నిండా పిల్లలు. తెర మీద కప్ప, గదిలో వీళ్లు, ఒకటే చప్పట్లు.

ఆ రోజు గంట పావుగంట ఆలస్యంగా మోగింది. సాయంత్రం ఆయా తాళాలు పంతులమ్మ చేతిలో పెట్టి, చీపురు మూలన నిలబెట్టి, కూతురి వెంట వెళ్లిపోయింది. దారి పొడుగునా దుకాణాల బోర్డులన్నీ పైకి చదువుతూనే ఉంది. కూతురు చెవులు మూసుకుంది.

కొత్త ఏడాదికి బొమ్మలన్నీ మారాయట. ఏడో నంబరు హెడ్‌ఫోన్‌ను మాత్రం పంతులమ్మ వెనక్కి నొక్కనివ్వలేదట. చివరి గాటు దాకా చాచుకొని, జుట్టుముడి పట్టేంత వెడల్పుగా, అలాగే మేకుకు వేలాడుతోందట.

— తాబేలమ్మ, అరవై ఒకటి, ఇప్పుడు కూతురింట్లో, వీధిలోకి కిటికీ ఉన్న గదిలో.