పట్టుచీరల మధ్య ఒక స్టూలు

నేను ఒక స్టూలుని. టేకు చెక్కదాన్ని, నాలుగు కాళ్ళదాన్ని, పెద్ద అందగత్తెనేమీ కాదు. నన్ను చేసిన వడ్రంగి సింహాచలం చివరి మేకు కొట్టి, నా మీదే కూర్చుని టీ తాగాడు. "హమ్మయ్య, గట్టిగా కుదిరింది" అన్నాడు. మనుషులు కాసేపు కూర్చోవడానికే స్టూలు పుడుతుందని ఆ పూట నాకు అర్థమైంది. ఎంత అమాయకురాలినో చూడండి! ఆ తర్వాత ఏళ్ళ తరబడి నా మీద ఒక్కరు కూర్చుంటే ఒట్టు.

నన్ను కొన్నది రాజమండ్రిలో ఒక పెద్ద చీరల షాపు. పై అరల్లో చీరలు అందుకోవడానికి నన్ను ఎక్కేవాళ్ళు. అందులో నాకేం తప్పు కనిపించలేదు. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా, చీరలు చూపించే ఆడవాళ్ళంతా నిలబడే ఉంటారు. కూర్చోకూడదట! కొనేవాళ్ళకి మెత్తటి కుర్చీలు, అమ్మేవాళ్ళకి వాచిన పాదాలు. చీర నలిగితే అయ్యో అనేవాళ్ళకి ఆ పాదాలు కనిపించవు.

పట్టుచీరల విభాగానికి సూపర్‌వైజరు ధనుంజయరావు. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం. కొనడానికొచ్చినవాళ్ళతో "అమ్మా, తల్లీ" తప్ప ఇంకో మాట ఎరగడు. ఆయన మొదటిసారి నన్ను కాలితో ఈడ్చుకొచ్చి హాలు నడిమధ్యన పెట్టినప్పుడు, బల్బు మార్పిస్తాడేమో అనుకున్నాను. కాదు! చీర మడత సరిగ్గా వేయలేదని మేరీరత్నాన్ని నా మీద ఎక్కించి నిలబెట్టాడు. ఆవిడ ఆ షాపులో అందరికంటే పాత మనిషి. "చూడండర్రా, మన షాపుకి కొత్త బొమ్మొచ్చింది!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. నేను కొయ్యబారిపోయాను. పుట్టుకతోనే కొయ్యవి కదా అంటారేమో, ఆ రోజు ఇంకోసారి అయ్యాను.

ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. ఇవాళ ఒకరు, రేపు ఒకరు. నాకు మతిపోయే సంగతి ఇంకోటుంది. నిన్న నా మీద నిలబడి కన్నీళ్ళు మింగిన మనిషే, ఇవాళ ఇంకొకరు ఎక్కితే అందరికంటే గట్టిగా నవ్వుతుంది! ఇదేం చోద్యంరా నాయనా అనుకున్నాను. ఎక్కిన మనిషి కాళ్ళ వణుకు నాకు తెలిసేది. కింద నవ్వేవాళ్ళ కాళ్ళు కూడా వణికాయేమో, అవి నాకు తగలవు కదా.

ఈలోగా నా వెనక కాలు ఒకటి వదులైంది. "స్టూలు ఊగుతోందండి" అని ఎవరో చెబితే, "ఊగితే ఇంకా బాగుంటది" అన్నాడు ధనుంజయరావు.

అప్పుడు చేరింది సత్యవేణి. కడుపుతో ఉంది, ఇంకా పైకి తెలియట్లేదు. పనిలోంచి తీసేస్తారేమోనన్న భయంతో ఒక్క మేరీరత్నానికే చెప్పుకుంది, అదీ నా పక్కన నిలబడి గుసగుసగా. పెళ్ళిళ్ళ రోజులు, షాపు కిటకిటలాడుతోంది. ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగాయేమో, ధనుంజయరావు దగ్గరికి వెళ్ళి "సార్, కాసేపు ఆ స్టూలు మీద కూర్చుంటానండి" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి నన్ను స్టూలుగా చూసిన మనిషి!

"స్టూలు కావాలా తల్లీ? అదెంత భాగ్యం!" అంటూ ఆయన నన్ను కాలితో ఈడ్చాడు. "ఎక్కు. నేను దిగమనేదాకా అక్కడే ఉండు."

ఆమె ఎక్కింది. నా వెనక కాలు కిర్రుమంది. అయ్యబాబోయ్! ఈ పిల్ల తూలి నేను ఒరిగితే, పోయేది ఒక్క ప్రాణం కాదు. అరుద్దామంటే నాకు నోరు లేదు, పట్టుకుందామంటే చేతులు లేవు. అవన్నీ ఉన్నవాళ్ళు చుట్టూ నిలబడి నవ్వుతున్నారు. పెళ్ళి బట్టలకొచ్చిన ఒక పెద్దావిడ మాత్రం "ఏవండీ, ఆ పిల్లనెందుకలా ఎక్కించారు?" అంది.

"సరదాకండీ. మేమంతా ఒక కుటుంబం లాంటివాళ్ళం" అన్నాడు ధనుంజయరావు.

మేరీరత్నం విప్పుతున్న చీర వదిలేసి వచ్చి, సత్యవేణి చెయ్యి పట్టుకుంది. "దిగమ్మా. మెల్లిగా."

"ఏంటి రత్నం, నువ్వెక్కుతావా?"

"ఎక్కాను కదండీ. ఆ రోజు నవ్వాను కూడానండి. నవ్వకపోతే మళ్ళీ ఎక్కిస్తారని నవ్వాను. సరదా మీకండీ, మాకు కాదు. ఈ పిల్ల కూర్చునేదాకా నేను ఒక్క చీర కూడా విప్పను."

అక్కడ అందరికంటే గట్టిగా నవ్వుతున్న ఒక అమ్మాయి నవ్వు టక్కున ఆగింది. "నేనూ విప్పనండి" అంది. తర్వాత ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. సగం విప్పిన చీరలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఓనరు క్యాష్ కౌంటరు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ధనుంజయరావు ఏదో చెప్పబోయాడు.

"నేను చెబుతానండి" అంది సత్యవేణి, మేరీరత్నం చెయ్యి పట్టుకుని కిందికి దిగుతూ. "నేను కడుపుతో ఉన్నానండి. కూర్చుంటానంటే అందరి ముందూ ఎక్కించారు. నన్నొక్కదాన్నే కాదు, అందరినీ ఎక్కించారండి."

ఓనరు ముందు ఆగిపోయిన బేరాలకేసి చూశాడు, ఆ తర్వాతే ఆ పిల్లకేసి చూశాడు. మనుషులింతే. ఏదైతేనేం, ఆ పూట సత్యవేణి నా మీద కూర్చుంది, ధనుంజయరావుని పంపించేశారు. నా కాలికి ఇనప పట్టీ వేయించారు. సత్యవేణి కాన్పయ్యాక మళ్ళీ పనిలోకి వచ్చింది. మేరీరత్నం సూపర్‌వైజరైంది. ఇక నా కథ సుఖాంతమే అనుకున్నాను.

మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఖరీదైన పట్టుచీర మీద కాఫీ ఒలకబోసింది. మేరీరత్నం మొహం ఎర్రబడింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావే!" అని అరుస్తూ విసవిసా వచ్చి నన్ను ఈడ్చింది. అదే చప్పుడు! కాలితోనే! హాలు నడిమధ్యకే! అమ్మో, ఈవిడ కూడానా? పాతవాళ్ళందరూ కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారు. ఆ అమ్మాయి, ఇంతకుముందు ఏ షాపులో పనిచేసిందో ఏమో, ఎవరూ ఏమీ చెప్పకుండానే కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నా మీదికి కాలెత్తింది.

మేరీరత్నం నిలువునా ఆగిపోయింది. నన్ను ఈడ్చిన తన కాలికేసి చూసుకుంది. తర్వాత వంగి, నన్ను రెండు చేతులతో ఎత్తి గోడవారగా పెట్టింది.

"కూర్చోవే. ముందు కూర్చో. చీర సంగతి తర్వాత చూద్దాం."

ఆ పిల్ల కూర్చుంది. కానీ బరువంతా నా మీద మోపలేదు. ఎప్పుడు లేవమంటారోనని సగం తన కాళ్ళ మీదే ఉంది.