గొంతు తగ్గించిన రోజు

"ఏం మరిదీ, ఉన్నావా?"

"లేను వదినా, పెళ్ళికెళ్ళా!"

"వెళ్ళినవాడివి భోజనం చేసే రా అయితే," అని గోడకేసి అరిచి మైకక్క చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి గోడ అవతల ఇనుప తలుపు మీద దబదబా చరిచిన చప్పుడూ, "వచ్చేశా, ఇక కానీ!" అన్న కేకా వినిపించాయి. అప్పుడు నొక్కింది పచ్చ బటన్. గోడలో ఇమిడిపోయి ఉన్న పెద్ద డ్రమ్ము ఒక్క మూలుగు మూలిగి తిరగడం మొదలుపెట్టింది.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోటు అది. మధ్యలో గోడ, గోడలో మిషను. మాసినవి అవతలి గదిలోంచి డ్రమ్ములోకి పోతాయి, ఉతికినవి ఇవతలి గదిలోకి వస్తాయి. రోగాలు గోడ దాటకూడదని అలా కట్టారు. అందుకే అటువాళ్ళు ఇటు రాకూడదు, ఇటువాళ్ళు అటు తొంగి చూడనైనా కూడదు. అటు మూటలు వేసేది మరిది. ఇటు మిషను నడిపి, బట్టలు తీసి మడతపెట్టేది మైకక్క. చుట్టరికం ఏమీ లేదు. పనిలో చేరిన కొత్తలో అతను "వదినా" అన్నాడు, ఈవిడ కాదనలేదు, అలా ఖాయమైపోయింది.

ఆ డ్రమ్ములో మూట ఒకవైపే పడితే మిషను ఎగిరెగిరి పడుతుంది. అందుకని మరిది లోపలికి దూరి, మాసిన దుప్పట్లను నలువైపులా సర్ది, మళ్ళీ బయటికి రావాలి. అతను లోపలున్నాడో లేడో ఇటువైపు బటన్ దగ్గరున్న మనిషికి కనపడదు. తలుపు తెరిచి ఉంటే మిషను తిరగకుండా ఒక కొక్కెం ఉండేది. అది అరిగిపోయి పనికి అడ్డం పడుతోందని ఎవరో దాన్ని తీగతో కట్టేశారు. మనిషి లోపలికెళ్ళేటప్పుడు అటు స్విచ్ వేస్తే ఇటు ఎర్రలైటు వెలగాలి. ఆ బల్బు ఎప్పుడు మాడిపోయిందో గుర్తున్నవాళ్ళు లేరు. మిగిలింది ఈ కేక ఒక్కటే. ఎవరూ నేర్పలేదు, ఏ బోర్డు మీదా రాయలేదు. ఈవిడ అరుస్తుంది, అతను లోపలుంటే ఏదో ఒక అబద్ధం చెబుతాడు. ఒకరోజు ఊరెళ్ళానంటాడు, ఒకరోజు నిద్రపోతున్నానంటాడు. బయటికొచ్చి తలుపు చరిస్తేనే ఈవిడ వేలు బటన్ మీదికి పోతుంది.

ఆ కేకకు తగ్గ గొంతు దేవుడు మైకక్కకు ఇచ్చాడు. చిన్నప్పుడు తల్లి, "ఆడపిల్లవే, వీధి చివరిదాకా వినపడాలా?" అని నెత్తిన మొట్టేది. పెళ్ళయ్యాక అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేది. మొగుడు మంచివాడే, పల్లెత్తు మాట అనడు, కానీ ఆవిడ మాట్లాడుతున్నప్పుడల్లా నెమ్మదిగా లేచి వరండాలోకి వెళ్ళి కూర్చుంటాడు. మొన్నటికి మొన్న బస్సులో కూతురు చెయ్యి గిల్లి, "అమ్మా, మెల్లగా! అందరూ మననే చూస్తున్నారు," అంది. కూతురి మొహం కందగడ్డలా అయిపోవడం చూసి మైకక్కకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. ఈ లోకంలో తన గొంతుతో ఎవరికైనా పని ఉందంటే అది గోడ అవతలివాడికే.

డ్రమ్ము తిరుగుతుండగా సూపర్‌వైజరు వచ్చాడు, వెనకాల ఒక అమ్మాయి. బక్కపలచటి పిల్ల, పెద్ద కళ్ళజోడు, భుజాన గుడ్డసంచీ.

"ఈ అమ్మాయి యూనివర్సిటీలో చదువుతోంది. మనుషులు పనిచేసే చోట ఎలా మసలుకుంటారు, ఒకరితో ఒకరు ఎలా ఉంటారు, అదీ చదువు. ఇవాళ మీ దగ్గర, రేపు అటువైపు కూర్చుని చూస్తుంది," అన్నాడు.

ఇస్త్రీ ముసలమ్మ ఇనుప రోలరు మీంచి తల ఎత్తకుండానే, "మన మనసుల్లోకి తొంగి చూస్తుందన్నమాట. జాగ్రత్తర్రోయ్, నా మనసులో సూపర్‌వైజరు గారి మీద చాలా ఉన్నాయి," అంది. అందరూ నవ్వారు. సూపర్‌వైజరు కూడా నవ్వినట్టే మొహం పెట్టి, మైకక్కను పక్కకు పిలిచాడు.

"చూడక్కా, ఆ సంతలో అరుపులు ఇవాళ వద్దు. చదువుకున్న పిల్ల, పైవాళ్ళతో ఏం చెబుతుందో ఏమో. ఎలక్ట్రీషియన్ చేత కొత్త బల్బు వేయించాను. బోర్డు మీద రాసినట్టు లైటు చూసుకుని చెయ్. లైటు వెలిగితే ఆగు, ఆరితే నొక్కు. మరిదికి కూడా చెప్పానులే."

మైకక్క తల ఊపింది. ఆయన చెప్పినందుకే అయితే ఆవిడ ఊపేది కాదేమో. ఆయన మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం ఆవిడకు కొత్తేమీ కాదు. కానీ ఆ పిల్ల దగ్గరికొచ్చి, "నమస్కారమండీ. మీ పనికి అడ్డం రాను, ఇక్కడ ఓ మూల కూర్చుంటాను," అంది. అండీ! మీరూ! ఆ గదిలో మైకక్కను ఎవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. పైగా ఆ గొంతు, పసిబిడ్డ పడుకున్న గదిలో మాట్లాడినంత మెత్తగా ఉంది. మైకక్కకు ఒక్కసారిగా తన చేతులు మొరటుగా, పాదాలు వెడల్పుగా కనపడ్డాయి. కొంగు సర్దుకుంది. "కూచోమ్మా," అంది, ఎంత నెమ్మదిగా అందంటే ఇస్త్రీ ముసలమ్మ చేస్తున్న పని ఆపి మరీ ఇటు తిరిగి చూసింది.

ఆ తర్వాతి వాయికి మైకక్క అరవలేదు. గోడ మీది కొత్త బల్బు వంక చూసింది. వెలగలేదు. మరిది లోపల లేడనుకోవాలా, స్విచ్ వేయడం మరిచాడనుకోవాలా? వేలు బటన్ మీద పెట్టి తీసింది, మళ్ళీ పెట్టి తీసింది. ఇంతలో అటునుంచి తలుపు చరిచిన చప్పుడు, దాని వెంటే మరిది గొంతు: "ఏం వదినా, గొంతు పోయిందా ఇవాళ?"

సిగ్గుతో చచ్చిపోయింది మైకక్క. ఆ పిల్ల కళ్ళజోడు పైకి తోసుకుని గోడ వైపు చూసింది. మైకక్క బటన్ నొక్కేసి, దుప్పటి కొసలు దొరకబుచ్చుకుని మడతల్లో తల దూర్చింది.

మధ్యాహ్నం అన్నం వేళకు అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసేది వెనక వాకిట్లోనే. మరిది గట్టు మీద కూర్చుని ఫోనులో మనవరాలి ఫొటో అందరికీ తిప్పి చూపిస్తున్నాడు. "నా ముక్కే వచ్చింది, పాపం. ఏం చేస్తాం," అంటున్నాడు, సంబరం దాచుకోలేక. మైకక్క పక్కన కూలబడింది.

"నేనివాళ అరవను. లైటు చూసి నొక్కుతాను. లోపలికెళ్ళేటప్పుడు స్విచ్ వెయ్యి."

"సూపర్‌వైజరు కూడా అదే అన్నాడు. నాకు గుర్తుండి చావదు వదినా. ఎన్నేళ్ళయింది దాని మొహం చూసి."

"గుర్తు పెట్టుకో. లేకపోతే చస్తావు."

"నువ్వు అరవకపోతే అవతలంతా శ్మశానంలా ఉంది తెలుసా? బిక్కుబిక్కుమంటూ చేస్తున్నా," అన్నాడు నవ్వుతూ. తర్వాత ఆవిడ మొహంలోకి చూసి, "ఏం, ఆ పిల్ల అరవొద్దందా?" అని అడిగాడు.

మైకక్క గిన్నెలో అన్నం కెలికింది. "అనలేదులే. బాగుండదని. ఒక్కరోజేగా, ఓర్చుకో."

"సరేలే. వేస్తాను స్విచ్."

మాట నిలబెట్టుకున్నాడు. మధ్యాహ్నం మొదటి వాయికి ఎర్రలైటు ఠకీమని వెలిగింది, కాసేపుండి ఆరింది. మైకక్క నొక్కింది. మనసు కుదుటపడింది. ఇంత సుఖంగా అయిపోయే పనికి ఇన్నేళ్ళూ గొంతు చించుకున్నానా అనిపించింది. ఆ పిల్ల కూడా మూల వదిలి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీరు ఎప్పుడూ ఇంత నెమ్మదిగానే పనిచేస్తారాండీ?"

ఇస్త్రీ ముసలమ్మ పొలమారినట్టు దగ్గింది. మైకక్క అటు చూడకుండా, "అవునమ్మా," అంది. ఆ అబద్ధం ఎంత తియ్యగా ఉందంటే ఇంకోసారి చెప్పాలనిపించింది. "మొదట్నుంచీ ఇంతే. నాకు అరవడం చేతకాదు."

"దుప్పటి ఒక్కరే ఎలా మడుస్తారండీ? ఇంట్లో నాకు ఎవరో ఒకరు సాయం పట్టాలి."

అలా అడిగినవాళ్ళు ఎవరున్నారు ఇన్నాళ్ళూ? మైకక్క దుప్పటి అందుకుంది. రెండు కొసలు చెంగున విదిలించి, గడ్డం కింద ఇరికించి, చేతులు బారచాపి ఎలా మడవాలో చూపించింది. ఆ పిల్ల ప్రయత్నించి దుప్పటిలో చుట్టుకుపోయింది, ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంకోసారి చూపించింది. కొసలు కొసలు కలిపి, అరచేత్తో ముడతలు తుడిచి, బండిలో పేర్చింది. గది నిండా ఉతికిన గుడ్డల వెచ్చటి వాసన. గోడకు వీపు పెట్టి నిలబడి ఎంతసేపు మడిచారో ఇద్దరికీ తెలియలేదు. బండి నిండిపోయింది. బండి నిండేలోగా అటు మూట సర్దడం అయిపోతుంది, రోజూ జరిగేది అదే.

వెనక్కి తిరిగి లైటు చూసింది. ఆరి ఉంది. వెలిగి ఆరి ఉంటుంది.

గొంతు దాకా వచ్చింది కేక, అలవాటు కొద్దీ. ఆ పిల్ల పక్కనే ఉంది, మడిచిన దుప్పటిని బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని మెచ్చుకోలుగా చూస్తోంది. మైకక్క కేకను మింగేసి పచ్చ బటన్ నొక్కింది.

డ్రమ్ము కదిలింది. ఒక చుట్టు తిరిగి దభీమంది. మళ్ళీ తిరిగి మళ్ళీ దభీమంది. గోడ అదిరింది.

"ఇలా చప్పుడొస్తుందాండీ?"

"అప్పుడప్పుడూ వస్తుందమ్మా. మూట ఒకవైపు పడితే," అంది మైకక్క, అదే మెత్తటి గొంతుతో. సరిగ్గా సర్ది చావలేదు మహానుభావుడు అని లోపల విసుక్కుంది కూడా. విసుక్కున్న మరుక్షణం ఒళ్ళు చల్లబడిపోయింది. అతను సర్దిన మూట ఏనాడూ ఒకవైపు పడలేదు. ఈసారి తలుపు చరిచిన చప్పుడు కూడా వినలేదు తను.

ఎర్ర బటన్ మీద అరచెయ్యి వేసి గుద్దింది. డ్రమ్ము ఊగి ఊగి ఆగింది.

"మరిదీ," అంది. గొంతు పైకి రాలేదు. పొద్దుట్నుంచి అణిచిపెట్టిన గొంతు, ఇప్పుడు రమ్మంటే రాదే! గోడకు నుదురు ఆనించి, ఊపిరంతా కూడదీసుకుని అరిచింది. "ఏం మరిదీ, ఉన్నావా?"

ఆ కేకకు ఆస్పత్రి మెట్ల మీద వెళ్ళేవాళ్ళు కూడా ఆగిపోయారట. గోడ అవతలినుంచి పలుకు లేదు. మళ్ళీ అరిచింది. ఏదో ఒక అబద్ధం చెప్పరా నాయనా అని ఏడుస్తూ అరిచింది. ఇస్త్రీ ముసలమ్మ వచ్చి వెనకనుంచి పట్టుకునేదాకా అరుస్తూనే ఉంది.

అతన్ని దుప్పట్లతో సహా బయటికి తీసి, ఆ దుప్పట్లలోనే తీసుకెళ్ళారు. ఎంతోదూరం కాదు, అదే ఆస్పత్రిలో ఇంకో గదికి. డాక్టరు అట్టే సేపు చూడలేదు.

సూపర్‌వైజరు మొహం పాలిపోయి తిరిగొచ్చాడు. బల్ల కింద కూర్చున్న మైకక్క ముందు గొంతుక్కూర్చుని, "లైటు వెలగలేదుగా? వెలగలేదు. నువ్వు రూల్ ప్రకారమే చేశావక్కా. నీ తప్పేం లేదు. ఈ అమ్మాయి కూడా చూసింది," అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆవిడకు నేర్పుతున్నాడు.

ఇస్త్రీ ముసలమ్మ ఊరుకోలేకపోయింది. "రోజూ అరిచి చచ్చేది కదా ఇది! ఇవాళే నోరు మూయించారు, మీరూ మీ పరిశీలనలూ!"

ఆ పిల్ల గోడకు జారగిలబడి ఉంది. "నేను వద్దనలేదండీ," అంది మైకక్కతో. "అరవొద్దని నేను ఎవరితోనూ అనలేదు. మీరెలా పనిచేస్తారో అలా చూద్దామనే వచ్చాను. నిజంగానండీ, నేను వద్దనలేదు."

మైకక్క ఆ పిల్ల వంక చూసింది. అవును, అనలేదు. కసురుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు. అందరూ ఇంటికి పొమ్మంటే అక్కడినుంచి లేచింది, కానీ వాకిలి వైపు వెళ్ళలేదు. మధ్య గోడలో ఎప్పుడూ మూసి ఉండే తలుపు తోసుకుని, ఇన్నేళ్ళలో ఎన్నడూ అడుగుపెట్టని అవతలి గదిలోకి నడిచింది. ఎవరూ ఆపలేదు.

చిన్న గది. కిటికీ లేదు. ఆవిరీ వేడీ కలిసి మొహాన కొట్టాయి. ఈ ఉక్కలో చొక్కాతో ఎవరు మాత్రం లోపలికి దూరగలరు? డ్రమ్ము తలుపు పక్కన గోడకు స్విచ్ ఉంది, దాని పైన మేకు. అన్నం తిని వచ్చాక కాసేపటికి ఉక్క పట్టలేక విప్పి, రోజూ తగిలించే చోటే తగిలించి ఉంటాడు. మేకుకు వేలాడుతున్న చొక్కా స్విచ్‌ను పూర్తిగా కప్పేసింది.

బూడిద రంగు చొక్కా, చంకల దగ్గర చెమట ఇంకా ఆరలేదు, పై గుండీ మాత్రం తెల్ల దారంతో ఎవరో కొత్తగా కుట్టారు.