అడవి రంగు బట్టలు

నాకు కుళ్ళని మా ఆయన అంటారు. అవును, కుళ్ళే. మూడేళ్ళుగా ప్రతి అక్టోబర్‌లోనూ తెల్లారకముందే మీ ఆయన ఇంకో ఆడమనిషితో అడవికి బయల్దేరుతుంటే మీరైతే హారతిచ్చి పంపుతారేమో, నాకంత పెద్ద మనసు లేదు.

ఆవిడ పేరు స్పందన. మార్కమ్‌లో మా ఆయన మహీధర్ గారి ఆఫీసులోనే పని. కరీంనగర్ పిల్ల. ఈ దేశమొచ్చి సార్నియాలో చదువుకునేటప్పుడు అద్దెకున్న ఇంటి ముసలాయన జింకల వేట నేర్పాడట. పెళ్ళి కాలేదు, పికప్ ట్రక్కు నడుపుతుంది, తుపాకీలా భుజానికి ఆనించి కొట్టే విల్లుంటుంది, క్రాస్‌బో అని, అది పట్టిందంటే గురి తప్పదు. పదకొండేళ్ళ కాపురంలో నేను ఏనాడూ "ఏమండీ" దాటి పిలవని మనిషిని ఆవిడ "మహీ" అంటుంది. ఆ రెండక్షరాలు విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

రిచ్‌మండ్ హిల్‌లో మా ఇంటి ఫ్రీజర్ నిండా ఆవిడ కొట్టిన జింక మాంసమే. దాన్ని పెరుగులో నానబెట్టి, గసగసాలు నూరి, గంటల తరబడి ఉడికించేది నేను. లొట్టలేసుకుంటూ తిని ఈయన అనే మాట, "స్పందన జింక అదిరింది". సొమ్మొకడిది సోకొకడిదని పెద్దలు ఊరికే అన్నారా?

అన్నిటికన్నా నన్ను కాల్చుకు తినే సంగతి ఇంకోటుంది. వేట కోర్సు పాసై లైసెన్సు తెచ్చుకునేదాకా నేర్చుకునేవాళ్ళకి విడిగా క్రాస్‌బో ఉండకూడదట. ఇద్దరికీ కలిపి ఒకటే, నేర్పేవాళ్ళ పక్కనే కూర్చోవాలట. సరే, మరి ఆ కోర్సేదో పాసవ్వచ్చుగా? ఆఫీసు సర్టిఫికేషన్లన్నీ నిద్రలో కూడా పాసయ్యే మనిషి, ఈ ఒక్క పరీక్ష దగ్గరికొచ్చేసరికి "బిజీ, వచ్చే ఏడు రాస్తా" అంటారు. ఎందుకు రాయరో నాకు తెలీదనుకుంటారు. పాసైతే విడిగా కూర్చోవాలి కదా!

"ఈ ఏడు నేనూ వస్తాను," అన్నాను.

"నువ్వా? అక్కడ గంటలకొద్దీ నోరు మూసుకుని కూర్చోవాలి."

"మీరు కూర్చోవట్లేదూ? నేనూ కూర్చుంటాను."

వెళ్ళి ఆకులూ కొమ్మలూ అచ్చేసిన కోటు, ప్యాంటు, టోపీ, చేతి తొడుగులు, ఆఖరికి మొహానికి కట్టుకునే వల కూడా కొన్నాను. కొత్తబట్టలు కదా, అలవాటు కొద్దీ కాలర్ అంచుకి పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాను. ఆ రోజు శుక్రవారం కూడాను. ఇల్లంతా సాంబ్రాణి వేస్తూ ఆ జతకీ బాగా పట్టించాను. బట్టలకి ఏ వాసనా ఉండకూడదనీ, ముందే తీసి బయట చెట్టుకి వేలాడదియ్యమనీ స్పందన మెసేజ్ పెట్టింది. ఆవిడ చెప్తే నేను వినాలా?

మర్నాడు చీకటుండగానే ట్రక్కొచ్చింది. దారి చూడాలని ఈయన ముందు సీట్లో ఆవిడ పక్కన ఎక్కారు, నేను వెనక. స్పందన ఒంటి మీద వెలిసిపోయిన గళ్ళ చొక్కా, ముదురు గోధుమరంగు స్వెట్టరు. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఇదేంది మృదులక్కా, ఇన్ని కొన్నవ్?"

"వేటకి వేసుకునేవి ఇవేగా."

"జింకకు రంగులు మనకు కనవడ్డట్టు కనవడవక్కా. తుపాకి సీజన్ల అందరం నారింజ కోట్లు ఏసుకోవాలని రూలు. అయినా జింకలు పడ్తలేవా? కదలకుండ కూసోవాలె, గాలి మన మొకానికి రావాలె. గంతే."

"మరి షాపులో గోడ పొడుగునా ఎందుకమ్ముతున్నారమ్మా?"

"మనుషులకు నచ్చుతయ్ కాబట్టి."

ఈయన ఫక్కున నవ్వారు. నా ముందే, ఆవిడ మాటకి. నాకు ఒళ్ళు భగ్గుమంది. లిండ్సే ఊరు దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడట్లేదని వాళ్ళు గమనించినట్టూ లేదు.

స్పందనకి తెలిసిన ఒక రైతు పొలం వెనకే అడవి. అక్కడ నన్నో మాపుల్ చెట్టు మొదట్లో కూర్చోబెట్టి, "గాలి ముందటి నుంచి వస్తుంది. ఈడికెల్లి లేవకు అక్కా," అంది. వాళ్ళిద్దరూ నాకు కాస్త ముందు, కూలిపోయిన దుంగ చాటున కూర్చున్నారు. భుజానికి భుజం తగులుతోంది. మధ్యలో ఆ ఒక్క క్రాస్‌బో.

మెల్లగా తెల్లారింది. ఈయన ఆవిడ చెవి దగ్గరికి వంగి ఏదో అన్నారు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏమన్నారు? ఓర్చుకున్నాను. కాసేపటికి మళ్ళీ వంగారు. ఇక నావల్ల కాలేదు. రాత్రి వానకి ఆకులు తడిసి మెత్తగా ఉన్నాయి, చప్పుడు కాకుండా పాక్కుంటూ చుట్టూ తిరిగి, వాళ్ళ మొహాలు కనిపించేలా పక్కనున్న సీడర్ చెట్టు వెనక చేరాను. ఇద్దరిలో ఒక్కరూ పసిగట్టలేదు. బట్టలు దండగన్నావుగా, చూసుకో అని లోపలే స్పందనకి సవాలు విసిరాను.

అప్పుడే పొదల్లోంచి కొమ్ముల జింక బయటికొచ్చింది. ఈయన క్రాస్‌బో ఎత్తారు. అదరకుండా ఆవిడ ఆయన మోచేతి కింద చెయ్యేసి పట్టుకుంది. నేను జింకని చూడ్డం మానేసి ఆ చేతినే చూస్తున్నాను. ఇంతలో నా వీపు మీదుగా గాలి వీచింది. జింక తలెత్తింది. వాళ్ళవైపు కాదు, సూటిగా సీడర్ వైపు. ముక్కుపుటాలు కదిలాయి. కాలు నేలకేసి కొట్టి, గట్టిగా బుస్సుమని, తెల్ల తోక ఎత్తి ఒక్క గెంతులో మాయమైపోయింది.

ఈయన నిట్టూర్చి వెనక్కి తిరిగారు. మాపుల్ కింద నేను లేను.

"మృదులా!"

ముందు మామూలుగానే పిలిచారు. తర్వాత గట్టిగా. తర్వాత క్రాస్‌బో స్పందనకిచ్చేసి పరుగెత్తారు. "ఎలుగుబంట్లుంటాయా ఇక్కడ? చెప్పవేం? మృదులా!" సీడర్ కొమ్మకి చొక్కా రాసుకునేంత దగ్గరగా వెళ్ళారు, నన్ను చూడలేదు. నన్నే వెతుకుతూ నన్ను దాటిపోయారు.

పలకచ్చు. పలకలేదు. ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు, అందులో భయముంది, ఏడుపుంది. కనపడని ఫోన్ కోసం పడే కంగారులో సగం కూడా ఇన్నేళ్ళలో నాకోసం పడని మనిషి! పాపమే, తెలుసు. కానీ ఎంత తియ్యగా ఉందని! ఇంకోసారి పిలవండి, ఇంకోసారి అనుకుంటూ కూర్చున్నాను.

స్పందన మాత్రం తిన్నగా సీడర్ దగ్గరికొచ్చింది. వంగి, వలలోంచి నా కళ్ళలోకి చూసింది. చెప్పద్దని తల అడ్డంగా ఊపాను. ఆవిడ లేచి అటు తిరిగి, "మహీ, ఈడ లేదు! వాగు దిక్కు చూడు!" అని కేకేసి, నా పక్కన తడి ఆకుల మీద చతికిలబడింది.

"గుమగుమ సాంబ్రాణి వాసనొస్తున్నవక్కా. జింకకు రాదా మరి?"

సిగ్గేసింది, అయినా అడక్కుండా ఉండలేకపోయాను. "ఇందాక నీ చెవిలో ఏమన్నారు?"

"నువ్వు ఇంతసేపు మాట్లాడకుండ కూసున్నవంట. పానం బాగలేదేమో, ఇంటికి పోదామా అన్నడు. రెండుసార్లు అన్నడు."

మొహం మీది వల ఇంకాస్త కిందికి లాక్కున్నాను. "మరి నేను వద్దంటే మాత్రం, ఇక్కడున్నానని చెప్పలేదేం?" అన్నాను.

"జర పిలవనియ్యి అక్కా. నేను ఇట్ల తప్పిపోతే, సోమవారం ఆఫీసు మీటింగ్ దాక ఎవ్వరికి తెల్వది."

జాలేసింది. అబద్ధమెందుకు, నిజంగానే వేసింది. చెయ్యి పట్టుకుందామని పక్కకి తిరిగాను. స్పందన గడ్డం మోకాళ్ళ మీద ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. వాగు దగ్గర్నుంచి "మృదులా!" అని కేక వచ్చింది, గొంతు జీరపోయింది. ఆవిడ పెదాల మీద చిన్న నవ్వు. మళ్ళీ కేక, మళ్ళీ అదే నవ్వు. పేరు నాది, పిలిచేది నా మొగుడు, వింటూ మురిసిపోతున్నది ఆవిడ.

మొహం మీది వల పీకి పారేసి, ఒక్క ఉదుటున లేచి నిలబడి, అడవంతా మారుమోగేలా అరిచాను.

"ఇక్కడున్నానండీ!"