చ మడి మీద నా పేజీన్నర అభిప్రాయం

చెరకు గడను గట్టు మీంచి చూసి దాని రకమేదో, వయసెంతో, చివరి తడి ఎప్పుడు తాగిందో చెప్పేయగలనని మా పరిశోధన క్షేత్రంలో నాకు పెద్ద పేరు. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. కొత్తగా చేరినవాళ్లు నమ్మేవారు. పాతవాళ్లు పోనీలే పాపం అని ఊరుకునేవారు. మా ఆవిడ మాత్రం నమ్మనూ లేదు, ఊరుకోనూ లేదు.

మా ఆవిడ ఆ క్షేత్రంలోనే రసం పరీక్షించే గదికి పెద్ద. ఆ గదిలో నేల ఎంత కడిగినా జిగురుగానే ఉంటుంది. నడిస్తే చెప్పులు అతుక్కుని చప్పుడు చేస్తాయి, గోడ వెంబడి చీమల బారు ఎప్పుడూ తెగదు. గడలను ఓ మూల ఉన్న చిన్న క్రషర్‌లో పిండి, పల్చటి గుడ్డలో వడకట్టి, అందులో తీపి ఎంతో, ఆ తీపిలో అసలు చక్కెర ఎంతో ఆమె తేలుస్తుంది. నేను తయారుచేసిన రకాల్లో చాలావాటిని ఆ గదిలోంచే తిప్పి పంపింది. ఇంటికొచ్చాక చెరకు ఊసు ఎత్తకూడదని మా ఇద్దరికీ ఒప్పందం ఉండేది. రోజూ భోజనాల దగ్గర దాన్ని నేనే తుంగలో తొక్కేవాణ్ణి.

మూడోవాడు మా బావమరిది, ఆమె తమ్ముడు. వాణ్ణి ఈ పనిలోకి లాక్కొచ్చింది నేను, ఓనమాలు దిద్దించింది నేను. చెరకు గడకు ప్రతి కణుపు దగ్గరా మొలక వచ్చే కన్ను ఒకటి ఉంటుంది. ఆ కన్ను ఆకారం ఒక్కో రకానికి ఒక్కో తీరు. అందుకని కన్ను చూసి రకం చెప్పాలే తప్ప రంగు చూసి చెప్పకూడదు. ఆకు దూసేసి ఎండ తగలనిస్తే పచ్చటి గడ కూడా ఊదాగా మారిపోతుంది. ఇది వాడికి నేను చెప్పిన మొదటి పాఠం. వాడి తర్వాత వచ్చినవాళ్లందరికీ కూడా చెప్పాను. అందరూ గుర్తుపెట్టుకున్నారు, నేను తప్ప.

ఆ ఏడు పంట కోతలయ్యాక నేను రిటైరవ్వాలి. నా సర్వీసంతా పోసి పెంచిన రకం ఒకటి చివరి పోటీదాకా వచ్చింది. కాగితాల మీద దానికి పొడుగాటి నంబరుంది కానీ నేను "బంగారుకొండ" అని పిలుచుకునేవాణ్ణి. రోజూ పొద్దున్నే దాని దగ్గరికెళ్లి, ఎండుటాకు దూసి, గడను చేత్తో నిమిరి వచ్చేవాణ్ణి. నిగనిగలాడే ఊదా రంగు దానిది. మురిసిపోయేవాణ్ణి.

"నన్నెప్పుడైనా అలా పిలిచారా?" అంది మా ఆవిడ ఓసారి.

"నువ్వెప్పుడైనా టన్నేజీ పెంచావా?" అన్నాను. ఆ పూట నా అన్నం నేనే వడ్డించుకున్నాను.

పోటీలో రెండోది బావమరిది రకం. మూడోది రైతులు ఎప్పట్నుంచో వేస్తున్న పాతది, పోల్చుకోవడానికి. కొత్తవాటిలో గెలిచినది రైతుల పొలాల్లోకి వెళ్తుంది, ఓడినదాన్ని దున్నేస్తారు. బంగారుకొండ ఓడిపోతే నేను పెట్టిన మొక్క ఒక్కటి కూడా ఏ రైతు చేలోనూ లేకుండా ఇంటికి పోతాను. అందుకే భయం పట్టుకుంది. ఆ భయంలో నాకు తోచిన మొదటి ఆలోచన, మా ఆవిడ తమ్ముడి వైపు మొగ్గుతుందేమోనని.

డైరెక్టరు దగ్గరికెళ్లి, "సార్, మళ్లకు రకాల పేర్లు వద్దు. క, గ, చ అని అక్షరాలు పెడదాం. ఏది ఏదో మీకొక్కరికే తెలియాలి. అప్పుడెవరూ వేలెత్తి చూపలేరు," అన్నాను.

ఆయన ముచ్చటపడ్డాడు. "మీలాంటి పెద్దమనిషి అడిగాక కాదంటానా? అలా అయితే చేలో చూసి అభిప్రాయం రాసే పని కూడా మీదే. కాటా మీద బరువు, ల్యాబులో రసం. రెండూ సమానంగా వస్తే మీ అభిప్రాయమే ఖాయం," అన్నాడు.

సొంత రకం పోటీలో ఉన్నవాడు న్యాయం చెప్పకూడదని అక్కడే చెప్పాల్సింది. అక్షరాలున్నాయి కదా, ఏది నాదో నాకు తెలియదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్తే మా ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నా గదిలో గొట్టాలకు తమ్ముడూ తెలీదు, మొగుడూ తెలీదు. మీ గురించి మీరు భయపడండి," అంది. పుట్టింటి పక్షపాతం ఇలాగే మాట్లాడుతుందని నవ్వుకున్నాను.

మూడు రకాలనూ నాలుగు వరసల్లో వేశారు. ప్రతి వరసలోనూ క, గ, చ మళ్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, నేల బాగోగులు అందరికీ సమానంగా పడాలని. గడలు ముదిరి కోతకొచ్చాక ఒక ఉదయం డైరెక్టరు, చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కేన్ మేనేజరు, కొందరు రైతులు, బావమరిది, నేను చేలోకి వెళ్లాం. మొదటి వరసలో బండ్లబాట పక్కనే గ మడి. ఎండ నేరుగా పడుతోంది. గడలు ఊదాగా నిగనిగలాడుతున్నాయి.

బంగారుకొండ! కన్న బిడ్డను ఏ సంతలో పెట్టినా తండ్రి గుర్తుపట్టలేడా? గ నాదైతే, దాని వెనక నీడలో పాలిపోయి నిలబడ్డ చ బావమరిదిదే అయి ఉండాలి. మిగిలిన క పాతది. దాన్ని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను కాబట్టి సందేహమే లేదు.

గ నుంచి గడ విరిచి నమిలాను. కళ్లు మూసుకున్నాను. రైతులు చూస్తున్నారని ఇంకొంచెంసేపు మూసుకున్నాను. "చెరకంటే ఇదీ! పంటికి పని లేదు, నోరంతా పాకం," అన్నాను. చ నుంచి ఓ ముక్క నమిలి పిప్పి పక్కకు ఊశాను. "తాడు పేనుకోవడానికి పనికొస్తుంది. రసమంటారా, గడ కడిగిన నీళ్లు నయం."

రైతులు నవ్వారు. బావమరిది నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కాస్త పక్కకు లాగాడు.

"బావా, మరీ అంత మాట అనకు. లోపలి వరసల్లో కూడా ఓసారి చూద్దాం రా. అక్కడ చ బావుంది."

"ఏం, ఓటమి మింగుడు పడట్లేదా?"

"అది కాదు బావా. కళ్లు చూడు, కణుపు దగ్గర..."

"నాకే పాఠాలా? ఎవరు నేర్పార్రా నీకు?"

"నువ్వే," అని చెయ్యి వదిలేశాడు.

నేను లోపలి వరసలకు వెళ్లలేదు. తెలిసిపోయాక ఎండలో తిరగడం దేనికి? గదికొచ్చి ఫ్యాను కింద కూర్చుని, తీరిగ్గా పేజీన్నర రాశాను. గ గురించి అర పేజీ పొగడ్త, చ గురించి పేజీ నిండా తిట్లు. రాసింది నేనే మళ్లీ చదువుకుని, భాష కూడా కుదిరిందని సంతోషించాను.

కోతలయ్యాయి. కాటా మీద గ కాస్త ఎక్కువ తూగింది. రసంలో చ కాస్త మెరుగ్గా వచ్చింది. ఎకరానికి ఎంత చక్కెర అని లెక్క కడితే రెండింటికీ ఉన్న తేడాను తేడా అనడానికి వీల్లేదని మా ఆవిడే తేల్చింది. పాత రకం బాగా వెనకబడింది. ఇక నా పేజీన్నరే మిగిలింది.

డైరెక్టరు గదిలో కేన్ మేనేజరు, మా ఆవిడ, బావమరిది, నేను కూర్చున్నాం. డైరెక్టరు నా అభిప్రాయాన్ని పైకి చదివాడు. "చ రకం పశువులకు వేసే ముందు కూడా ఒకసారి ఆలోచించడం మంచిది" అన్న వాక్యం దగ్గర మేనేజరు ముసిముసిగా నవ్వాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. పొగిడినప్పుడు తల వంచుకోవడం నాకు బాగా వచ్చు.

"గ మీ బావమరిదిగారి రకం. చ మీది," అన్నాడు డైరెక్టరు.

తల అలాగే వంగి ఉండిపోయింది. ఎత్తడానికి ధైర్యం చాల్లేదు.

ముందుగా నోరు తెరిచింది బావమరిదే. "సార్, బావ రంగు చూసి పొరబడ్డాడు. గ మడి బాట పక్కన ఎండలో ఉంది కాబట్టి ఊదాగా మారింది. ఆ అభిప్రాయం పక్కన పెట్టేయండి. ల్యాబులో చ తీపి ఎక్కువని వచ్చింది కదా."

"మీరూ రకాలు గుర్తుపట్టారా?" అడిగాడు మేనేజరు.

"ఈయన ఆ రోజు చేలోనే గుర్తుపట్టాడు," అన్నాడు డైరెక్టరు. "అభిప్రాయం చెప్పమంటే, ఏది నాదో తెలిసిపోయింది సార్, నన్ను అడగొద్దు అన్నాడు."

అప్పుడు నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది. పొరబడినందుకు కాదు. పొరబడేవాళ్లకు లోకంలో కొదవ లేదు. వాడు గుర్తుపట్టి తప్పుకున్నాడు. నేను గుర్తుపట్టాననుకుని కుర్చీ లాక్కుని కూర్చుని రాశాను. రంగు నన్ను మోసం చేయలేదు, నేనెలాంటివాణ్ణో చూపించింది.

డైరెక్టరు కాగితం నా వైపు జరిపాడు. "మళ్లీ చూసి రాస్తారా? తప్పు లేదు. తేడా ఎలాగూ లేదు, మీరెటు రాస్తే అటు పంపిస్తాను."

చెయ్యి కలం దాకా వెళ్లింది. నిజం చెప్తున్నాను, వెళ్లింది. బంగారుకొండ రైతుల చేలల్లో ఊదాగా నిలబడి ఉండటం కళ్ల ముందు కనపడింది.

మా ఆవిడ నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. "ఒక్క మాట అడుగుతాను. చ తమ్ముడిదే అని తేలి ఉంటే, ఇప్పుడు దిద్దేవారా?"

ఇంట్లో అయితే ఏదో ఒకటి అనేవాణ్ణి. అక్కడ కలం దగ్గర్నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"దిద్దేవాణ్ణి కాదు," అన్నాను.

"అయితే?" అన్నాడు డైరెక్టరు.

"ఉంచేయండి సార్. గ పంపించండి."

బావమరిది "బావా" అని లేచాడు. కూర్చోమన్నాను. వాడి గెలుపుకు వాడే అడ్డుపడుతుంటే చూడలేకపోయాను.

చ మడి మోళ్లను దున్నే రోజు పొద్దున్నే వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. లోపలి వరసలో నమూనా కోసం వదిలిన గడలు కొన్ని ఇంకా ఉన్నాయి. ఒకటి విరిచాను. ఆకు చాటున పెరిగింది కాబట్టి పచ్చగా ఉంది, ఊదా రంగు ఛాయ కూడా లేదు. కణుపు దగ్గర కన్ను చూశాను. గుండ్రంగా, కొసన చిన్న ముక్కుతో ఉంది. దాన్ని ఇన్నేళ్లు నిమిరిన చేతికి అది తెలియదు మరి. కూర్చుని నమిలాను.

తియ్యగా ఉంది. పీచు ఉంది, లేకపోలేదు. కానీ ఎంత తీపంటే, కళ్లు మూసుకోవాలని కూడా గుర్తు రాలేదు. ఎవరూ చూడటం లేదు కదా, కాసేపు ఏడ్చాను.

ఎవరూ చూడటం లేదనుకోవడం కూడా పొరపాటే. వెనక అక్కా తమ్ముడూ నిలబడి ఉన్నారు. వాడి చేతిలో కత్తి, గోనెసంచి ఉన్నాయి.

"నాటడానికి ఈ గడల్ని ముచ్చెలు కొట్టుకెళ్తాను బావా," అన్నాడు. "నాదాని పక్కన పెట్టి, పూతకొచ్చాక రెండింటినీ కలుపుతాను. పిల్లకు నాదాని బరువు, నీదాని తీపి రావచ్చు. నాతో వియ్యమందుతావా?"

"దానికి ఏళ్లు పడుతుంది. నేను రిటైరవుతున్నాను."

"నేను ఉంటానుగా."

మా ఆవిడ నా చేతిలోంచి సగం నమిలిన గడ తీసుకుని కొరికింది. ఇన్నేళ్లలో తన గదిలో గొట్టాల్లో తప్ప నోటితో ఆమె నా చెరకు రుచి చూడటం అదే మొదటిసారి. చాలాసేపు నమిలింది. పరీక్షాఫలితం కోసం ఎదురుచూసినట్టే చూశాను.

"బంగారుకొండే," అంది.

ట్రాక్టరు మడిలోకి దిగింది. బావమరిది గబగబా మిగతా గడలు నరికి సంచిలో వేస్తుంటే, సంచి మూతి నేను పట్టుకున్నాను.