తెరుచుకున్న ముక్కు

అత్త మడమకు చుట్టిన కట్టు విప్పుతూ విప్పుతూ కోడలు చెయ్యి ఆపింది. మానని షుగరు పుండు అది. గుడ్డ తీసి, పుండు కడిగి, మందు రాసి మళ్ళీ చుట్టడం ఆమెకు ఏనాడో చెయ్యి తిరిగిన పని. ఇవాళ మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది.

నూలు మిల్లులో దూది ధూళి పీల్చీ పీల్చీ ఆమె ముక్కు ఎప్పుడో మూసుకుపోయింది. నుదుట్లో పోటు, నోటితో ఊపిరి. మిల్లులో అందరికీ ఆమె 'మూగముక్కు'. అత్త సేవ ఆమె మీద పడిందీ ఆ ముక్కు వల్లనే. ఆడపడుచు వచ్చినా కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, నీకైతే వాసన తెలీదు కదా వదినా అని వెళ్ళిపోయేది.

పోయిన వారం డాక్టరు మత్తిచ్చి, ముక్కులోంచే సన్నటి కెమెరా గొట్టం పంపి, లోపల పెరిగిన కండ తీసేశాడు. పైన ఒక్క గాటు లేదు. ఈ ఉదయం లోపలి రక్తపు చెక్కులు కూడా తీసి, గట్టిగా పీల్చమన్నాడు. గాలి నుదుటిదాకా వెళ్ళినట్టయింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి తలుపు తీశాక గానీ తెలియలేదు, ఇన్నాళ్ళూ ఎందులో బతికిందో.

కట్టు సగంలో వదిలి కిటికీ తీసింది. పనేమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళొచ్చింది. నోటితో గాలి పీలుస్తూ ఎలాగో ముగించింది.

"ముక్కు తెరుచుకుందా?" అంది అత్త.

"ఇంకా లేదత్తయ్యా. టైం పడుతుందన్నారు."

"అబద్ధమాడినా అతికినట్టుండాలే. మొహం అటు తిప్పుకునే కట్టావు."

కోడలు విప్పిన పాతగుడ్డ పోగుచేసింది.

"ఇన్నేళ్ళలో నోటితో నాలుగన్నావు గానీ, నా దగ్గర ముక్కు మూసుకున్నది లేదు. పో, కాసేపు బయట కూర్చో. కోయించుకుని మరీ తెరిపించుకుంది నా కంపు పీల్చడానికా?"

మెట్ల మీద కూర్చుంది. పక్కింటి తడిబట్టల సబ్బు, ఎండకు కాగిన సిమెంటు, ఎవరో ఒలుస్తున్న నారింజ. ఒక్కో ఊపిరీ ఆకలిగా లాగింది. లేవాలి లేవాలి అనుకుంటూనే కూర్చుంది. లోపల ఏదో దొర్లిన చప్పుడైతే, అత్త ఒత్తిగిల్లిందనుకుంది. సిగ్గేసింది; అయినా లేవలేదు.

వెళ్ళేసరికి ముసలామె గోడవైపు ఒరిగి ఉంది. పిలిస్తే పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. వేలికి ఏమీ తగల్లేదు.

అప్పుడు నోటితో కాదు, ముక్కుతోనే నిండా పీల్చింది. గదంతా పౌడరు వాసన. కట్టు మీద, దుప్పటి మీద, ముసలామె మెడ మీద తెల్లగా చల్లి ఉంది.

తలవైపు గూట్లోంచి ఎలా అందుకుందో గానీ, వేలాడుతున్న చేతి కింద, నేలమీద, మూత ఊడిన పౌడరు డబ్బా.